పథ్యం చేసేవారి ప్రయాణపు సద్ది

ఆ రోజు స్వాతి నక్షత్రం. ఎగువ అహోబిలం నుంచి ఒక పెద్దాయనను జీపులో వేసుకుని మా ఆస్పత్రికి తెచ్చారు. వయస్సు అరవై దాటింది. పంచె, చొక్కా చెమటతో తడిసి ముద్దయివున్నాయి. కళ్ళు సగం తెరిచే వున్నాయి గాని పిలిస్తే పలకడం లేదు. వెంట వచ్చినవారిలో ఒకరు ఎండదెబ్బ అన్నారు, మరొకరు గుండెజబ్బు అన్నారు. వేలికొస నుంచి రక్తపుచుక్క తీసి చూస్తే చక్కెర 38. వెంటనే నరానికి గ్లూకోజు ఎక్కించాం. పావుగంట కాకముందే ఆయన లేచి కూర్చుని “నేను యాడుండాను?” అని అడిగాడు.

జరిగింది ఆయన కోడలు చెప్పింది. “పొద్దున అయిదింటికే మా మామ మాత్రలు మింగినాడు సార్. దర్శనం అయినంకనే తింటానన్నాడు. మెట్లెక్కేటప్పుడు కాళ్ళు వణుకుతాండాయి అన్నాడు. ప్రసాదం పులిహోర ఇస్తే ముట్టలేదు. అన్నం వద్దని, తీపి వద్దని డాక్టరు సారు రాసిచ్చినాడు గదా అన్నాడు.”

ఆ డాక్టరు సారు నేనే! నెల రోజుల కిందట ఓ.పి.లో నేనే చీటీ మీద తినకూడని వస్తువులు ఏడో ఎనిమిదో వరుసగా రాసి ఇచ్చాను. వూరు దాటితే ఏం తినాలో, ఎప్పుడు తినాలో ఒక్క ముక్క రాయలేదు. చెప్పిన మాట వినే మనిషి కాబట్టే ఆయన పడిపోయాడు. వినని మనిషయితే ఆ పులిహోర నాలుగు ముద్దలు తిని గట్టెక్కేవాడు.

అప్పటినుంచి నా దగ్గరకు వచ్చే చక్కెర వ్యాధివారిని, రక్తపుపోటువారిని, మూత్రపిండాల జబ్బువారిని నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: “ఈ నెలలో ఎక్కడికైనా పోతున్నారా?” నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు ఈ ప్రశ్నకు లేదనేవారు తక్కువ. మహానంది వుంది, అహోబిలం వుంది, శ్రీశైలం వుంది, పెళ్ళిళ్ళు సరేసరి. ఇంట్లో వున్నన్నాళ్ళు పథ్యం సక్రమంగా చేసేవారు కూడా బస్సెక్కగానే రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. “ఈ ఒక్కరోజుకేమవుతుందిలే” అని కనిపించిందల్లా తినడం ఒకటి. ఏదీ పనికిరాదని ఏమీ తినకపోవడం రెండవది. మొదటిదాన్ని గురించి డాక్టర్లందరూ చెబుతారు. నేను చూసినంతలో గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేది రెండవది.

ముందు గంటలు లెక్కపెట్టండి

సద్ది కట్టేముందు చాలామంది ఏం వండాలా అని ఆలోచిస్తారు. ముందు ఎన్ని గంటలన్నది ఆలోచించాలి. నంద్యాలలో తెల్లవారుజామున బస్సెక్కి, శిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డ చేరి, అక్కడ బస్సు మారి దిగువ అహోబిలం వెళ్ళాలి. అక్కడికి ఎగువ అహోబిలం ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. ఆ పైన జ్వాలా నరసింహస్వామిని చూడాలంటే కొండల్లో, రాళ్ళమీద కాలినడక. మొత్తం దూరం డెబ్భై ఎనభై కిలోమీటర్లే అయినా, ఇంట్లో కాఫీ తాగిన వేళనుంచి మళ్ళీ విస్తరి ముందు కూర్చునే వేళకు ఎనిమిది, తొమ్మిది గంటలు గడుస్తాయి. రైలు ప్రయాణమూ అంతే. గుంటూరు వైపునుంచి వచ్చే బండి గిద్దలూరు వదిలిందంటే దిగువమెట్ట మొదలు గాజులపల్లె దాకా నల్లమల అడవే. బండి అక్కడ ఏ కారణంగానో ఆగిందంటే టీ చుక్క కూడా దొరకదు.

కాబట్టి ప్రయాణం ఎన్ని గంటలో వేసుకుని, మూడు నాలుగు గంటలకొకసారి తినేలా పొట్లాలు కట్టుకోవాలి. ఆ పైన ఒక పొట్లం ఎక్కువ వుండాలి. బస్సు చెడిపోయినా, క్యూ కదలకపోయినా ఆదుకునేది ఆ ఎక్కువ పొట్లమే.

మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చక్కెర వ్యాధి మాత్రలన్నీ ఒకే రకం కావు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ జాతి మాత్రలు క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్‌ను బయటకు తెస్తాయి. మీరు తిన్నారా, లేదా అన్నది వాటికి అక్కరలేదు. కడుపులో ఏమీ లేకపోయినా అవి తమ పని చేసుకుపోతాయి, పైగా కొండ ఎక్కే శ్రమ కూడా రక్తంలోని చక్కెరను ఖర్చు చేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. మీ మాత్ర ఏ జాతిదో మీ డాక్టరునడిగి చీటీ మీద రాయించుకోండి. ఉపవాసం వుండే రోజు, కొండ ఎక్కే రోజు మోతాదు తగ్గించాలా, వేళ మార్చాలా అన్నది కూడా వారం ముందుగానే అడగండి. మీ అంతట మీరు మానెయ్యకండి. నేను మా రోగులకు చెప్పే చిట్కా ఏమిటంటే, మాత్రల డబ్బాను చేతిసంచీలో కాదు, సద్ది డబ్బామీద దారంతో కట్టి పెట్టుకోమంటాను. సద్ది విప్పనిదే మాత్ర చేతికి రాకూడదు.

కాళ్ళు వణికితే

చక్కెర పడిపోతున్నప్పుడు చేతులు వణుకుతాయి, చెమట పోస్తుంది, గుండె దడదడలాడుతుంది, విపరీతంగా ఆకలవుతుంది. కొందరు ఊరికే చికాకు పడతారు, మాట తడబడుతుంది. కొండమీద ఇవన్నీ ఎక్కిన ఆయాసమేననుకుంటారు. పరీక్ష యంత్రం వుంటే చూడండి. 70కి లోపుంటే ఇదే. యంత్రం లేకపోతే ఇదేననుకుని వైద్యం చేయండి, నష్టమేమీ లేదు. మూడు చెంచాల గ్లూకోజు పొడి గాని, చక్కెర గాని నీళ్ళలో కలిపి తాగాలి. అంటే సుమారు 15 గ్రాములు. పదిహేను నిమిషాలు కూర్చోవాలి. తగ్గకపోతే మళ్ళీ అంతే. తగ్గాక రొట్టెగాని, అన్నంగాని తప్పకుండా తినాలి. ఒకసారి లేచినవాడు రెండు గంటలకు మళ్ళీ పడిపోవచ్చు. నేను పైన చెప్పిన పెద్దాయనను మర్నాటిదాకా ఆస్పత్రిలోనే వుంచుకున్నది అందుకే.

లడ్డూ, చాక్లెట్టు దీనికి పనికిరావు. వాటిలోని నెయ్యి, కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనివ్వవు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. వోగ్లిబోస్, ఎకార్బోస్ కలిసిన మాత్రలు వేసుకునేవారికి మామూలు చక్కెర కూడా ఆలస్యంగా పనిచేస్తుంది. వారి సంచీలో గ్లూకోజు పొడే వుండాలి. చక్కెర వ్యాధివాడి సంచీలో గ్లూకోజేమిటని నవ్వేవాళ్ళుంటారు. నవ్వనివ్వండి!

స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం నీళ్ళుగాని, చక్కెరగాని పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. కొండల్లో అన్నిచోట్లా ఫోను అందదు. అంచేత ఇలాంటివారు ఒంటరిగా పైకి వెళ్ళకూడదు. వెంట వచ్చేవారికి గ్లూకోజు ఏ అరలో వుందో ముందే చూపించి వుంచాలి.

మన రొట్టె

ఇక ఏం కట్టుకోవాలి? ఈ విషయంలో మన సీమవాళ్ళు అదృష్టవంతులు. జొన్నరొట్టెను మించిన ప్రయాణపు తిండి నాకు తెలియదు. పలుచగా తట్టి, పెనం మీద బాగా ఆరనిచ్చి కాలిస్తే అప్పడంలా పెళపెళలాడుతుంది. అందులో తేమ వుండదు. తేమ లేనిచోట సూక్ష్మజీవులు పెరగవు. మన తాతలు ఎడ్లబండి మీద రోజుల తరబడి పోయేటప్పుడు ఎండు రొట్టెలు మూటగట్టుకున్నది ఊరికే కాదు. మెత్తటి రొట్టెలయితే ఆ పూటకే.

కాని జొన్న మందు కాదు. జొన్న తింటే చక్కెర పెరగదన్న ప్రచారం ఒకటి పుట్టింది. నాలుగు రొట్టెలు తింటే తప్పకుండా పెరుగుతుంది. కొర్రలూ అంతే. మా నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంవారు సూర్యనంది అనే కొర్ర రకాన్ని కూడా రూపొందించారు. కొర్ర మంచి తిండే, నేనూ తింటాను. అయితే కొర్రన్నం వండాక అదీ అన్నంలాగే పాడవుతుంది, ఎక్కువ తింటే అదీ చక్కెరను పెంచుతుంది. ఇంట్లో రెండు రొట్టెలు తినేవారు దారిలోనూ రెండే తినాలి.

రొట్టెలోకి శనక్కాయల పొడి గాని, పుట్నాల పొడి గాని పొడిగా పట్టుకెళ్ళండి. పచ్చికొబ్బరి చట్నీ, నీళ్ళు పోసి నూరిన ఏ చట్నీ అయినా ప్రయాణానికి తగదు. వేయించిన శనక్కాయలు గుప్పెడు, పుట్నాలు గుప్పెడు కలిపి చిన్న పొట్లాలుగా కట్టుకుంటే అవే మధ్యమధ్య చిరుతిండి. బూజు పట్టినవీ, చేదెక్కినవీ ఏరి పారేయాలి. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. బొరుగులు తేలిగ్గా వున్నాయని చక్కెర వ్యాధివారు సేరుకు సేరు నమిలేస్తారు. అవీ బియ్యమే సుమా! పుట్నాలు ఎక్కువ, బొరుగులు తక్కువ వుండాలి. కీరా దోసకాయ, జామకాయ కడిగి తుడిచి నిండుకాయగానే పట్టుకెళ్ళి తినేముందు కోసుకోండి. బస్టాండులో కోసి పెట్టిన ముక్కలమీద ఈగలకు ఎంత హక్కుందో మీరే చూస్తుంటారు.

అన్నం కట్టుకోక తప్పదంటే

అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వుంటాయి. బియ్యం వుడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి వుంటే మొలిచి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. “వేడి చేసుకున్నాం గదండీ, ఎందుకు వాంతులయ్యాయి?” అని అడిగేవారికి ఇదే జవాబు. వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట వుండకూడదని, 32 డిగ్రీల ఎండ దాటితే గంటకు మించి వుండకూడదని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. నంద్యాలలో మే నెలలో ఎండ 42, 43 దాటడం మామూలే. కాబట్టి వట్టి అన్నం, పప్పు, కూర వేసవి ప్రయాణంలో వదిలిపెట్టండి.

పులిహోరకు చింతపండు పులుపు కొంత రక్షణ ఇస్తుంది. పులుపులో సూక్ష్మజీవులు త్వరగా పెరగలేవు. అయినా పులుపు సరిగా పట్టాలి. ఉదయం కలిపినది మధ్యాహ్నానికి అయిపోవాలి. రాత్రికి దాచవద్దు. అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పలుచగా పరిచి విసనకర్రతో చల్లార్చి కలపండి. వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీళ్ళయి లోపలే కారుతుంది. పెద్ద గిన్నెలో కుప్పగా వుంచితే మధ్యభాగం గంటలకొద్దీ వెచ్చగానే వుంటుంది. రెండూ చెరుపే. చేత్తో కాక పొడి గరిటెతో కలపడం మేలు.

మామూలు మనిషికి వాంతులు, విరేచనాలు ఒకరోజు బాధ. చక్కెర మాత్ర మింగినవాడికి తిన్నదంతా వాంతయితే మాత్ర ఒక్కటే లోపల మిగులుతుంది. మూత్రపిండాలు బలహీనంగా వున్నవాడికి నీరు తగ్గిపోతే అవి ఇంకా దెబ్బతింటాయి. పథ్యం మనిషికి పాడయిన తిండి రెండింతల ప్రమాదమని చెప్పేది ఇందుకే.

డబ్బా స్టీలుదయితే మంచిది. అరిటాకయినా సరే. వార్తాపత్రిక కాగితంలో తిండి చుట్టవద్దు. సిరాలోని సీసం వగైరాలు నూనెకు అంటుకుంటాయి. భారత ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ 2023లో మరోసారి ఈ హెచ్చరిక చేసింది. (ఈ వారపత్రిక కాగితానికీ అది వర్తిస్తుంది. చదివి దాచుకోండి, బజ్జీలు చుట్టకండి.) రాగి చెంబులో మజ్జిగ, నిమ్మనీళ్ళు పోయకూడదన్నది మన పెద్దలకు తెలిసిన సంగతే. పులుపుకు రాగి కరుగుతుంది.

ఉప్పు, ఇంగువ, కొబ్బరినీళ్ళు

రక్తపుపోటువారికి సద్దిలో శత్రువు ఊరగాయే. రోజుకు మనిషికి అయిదు గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా, దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ప్రయాణంలో కూర వుండదు గనుక ఊరగాయ ముక్కలు రెండు మూడవుతాయి, ఊరుమిరపకాయలు తోడవుతాయి. దానికి బదులు ఉప్పు తగ్గించిన పొడి ఇంట్లోనే కొట్టించుకోండి. కొన్న పొట్లాలమీద సోడియం అంకె వుంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పెంతో తెలుస్తుంది.

మూత్రపిండాల జబ్బువారి లెక్క వేరు. అందరికీ మంచిదైన కొబ్బరిబోండాం, అరటిపండు వారిలో చాలామందికి చెరుపు చేస్తాయి. వాటిలోని పొటాషియాన్ని చెడిన మూత్రపిండాలు బయటకు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. “సోడియం తక్కువ” అని అమ్మే ఉప్పులో కూడా సోడియంకు బదులు పొటాషియం కలుపుతారు, జాగ్రత్త. నీళ్ళు ఎన్ని తాగాలన్నది కూడా వారి డాక్టరు చెప్పిన కొలతే. దారిలో ఎవరో ఇచ్చిన సలహా కాదు.

గోధుమ పడనివారు మనలో తక్కువే గాని వున్నారు. వారు రొట్టె, సేమియా మానేస్తారు గాని ఇంగువను అనుమానించరు. బజారులో దొరికే కూట ఇంగువలో మైదా గాని, గోధుమపిండి గాని కలిపి వుండడం సాధారణం. పులిహోరలో అదే పడుతుంది. జొన్నపిండి కూడా గోధుమలు ఆడించిన మరలోనే ఆడిస్తే ఆ పిండి కొంత కలుస్తుంది. అలాంటివారు జొన్నలు ఇంట్లోనే విసురుకోవాలి, లేదా విడిగా ఆడించుకోవాలి. శనక్కాయ పడని పిల్లలున్న తల్లులు మా సీమలో మరీ కష్టపడాలి. ఇక్కడ శనక్కాయ లేని పొడి, పచ్చడి దొరకడం అరుదు. అలాంటి పిల్లలకు ఇంటి డబ్బా తప్ప మరొకటి పెట్టవద్దని బంధువులకు గట్టిగా చెప్పండి. మొహమాటం వద్దు.

డబ్బామీది మాట నమ్మవద్దు

ఎండలో నీరసం వస్తే దుకాణంలో ఓ.ఆర్.ఎస్. అనే మాట రాసివున్న పళ్ళరసం డబ్బాలు కొని తాగడం చాలా ఏళ్ళు నడిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన అసలు పొడిలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే వుంటుంది. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో అలాంటి పానీయాలమీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసివున్న పొట్లాలు మందుల షాపులో రెండు కొని సంచీలో వేసుకోండి. విరేచనాలయితే లీటరు కాచి చల్లార్చిన నీటిలో పొట్లమంతా కలపాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అన్న కొలతలు పనికిరావు. “షుగర్ ఫ్రీ” బిస్కట్లలో చక్కెర లేకపోయినా మైదా వుంటుంది. అది కడుపులో చక్కెరగానే మారుతుంది.

ఇన్సులిన్ తీసుకునేవారు సీసాను బస్సు పైన సామాన్లలో గాని, ఎండలో నిలిపిన కారులో గాని వదలకూడదు. ఐసు ముక్కలకు ఆనించకూడదు, గడ్డకడితే ఆ మందు పారేయవలసిందే. సీసాను ప్లాస్టిక్ కవరులో కట్టి, చల్లటి నీళ్ళు తడిపిన గుడ్డ చుట్టిన చిన్న మట్టిముంతలో పెట్టుకోండి. గుడ్డ ఆరినప్పుడల్లా తడుపుతూ వుంటే చాలు. మట్టికుండ చల్లదనం మందుకు కూడా పనికివస్తుందని పరిశోధనల్లో తేలింది.

ప్రసాదం గురించి ఒక మాట చెప్పాలి. చక్కెర పొంగలి కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే ఏ స్వామీ కోపగించడు, ఏ డాక్టరూ కోపగించడు. దొన్నెడు తింటే రెండవవాడికి కోపం వస్తుంది. అయితే కాళ్ళు వణుకుతున్న వేళ ఎదురుగా వున్నది అదొక్కటే అయితే తినేయండి. పథ్యం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ఆ పెద్దాయన మళ్ళీ అహోబిలం వెళ్ళివచ్చాడు. ఈసారి కోడలు ముందురోజే ఓ.పి.కి వచ్చి సంచీ విప్పి చూపించింది. ఎండు జొన్నరొట్టెలు ఆరు, శనక్కాయల పొడి, పుట్నాల పొట్లాలు నాలుగు, జామకాయలు, నీళ్ళసీసా, గ్లూకోజు డబ్బా, రొట్టెల డబ్బామీద దారంతో కట్టిన మాత్రలు. పొద్దుటి మాత్ర ఏ వేళకు, ఎంత అన్నది నేను చీటీ మీద మార్చి రాశాను. అడుగున ఒక గిన్నెలో పెరుగన్నం కూడా వుంది. “రాత్రి తిరిగొచ్చేటప్పుడు తింటాడు సార్, మామకు పెరుగన్నం లేకుంటే నిద్ర పట్టదు” అంది. ఆ ఒక్కటి మాత్రం తీసి ఇంట్లో పెట్టి పొమ్మన్నాను. రాత్రి ఇంటికి వచ్చాక కాస్త తాజాగా కలిపి పెట్టమన్నాను.